కుళ్ళిన ఆపిల్ సామెతలో మిగతా సగం

ఏదో ఒక పెద్ద సంస్థలో గోల్‌మాల్ బయటపడుతుంది. మొదటి రోజు 'ఆరోపణలు నిరాధారం' అంటారు. తర్వాత ఒక వీడియో బయటికొస్తుంది, లేదంటే లెక్కల కాగితాలు. ఇక బుకాయించి లాభం లేదని తేలాక ఒక పెద్దమనిషి మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, ఇంగ్లిష్‌లో ఒక మాట అంటాడు: 'ఎ ఫ్యూ బ్యాడ్ ఆపిల్స్.' ఎవరో నలుగురు చెడ్డవాళ్ళు చేసిన పనికి సంస్థ మొత్తాన్ని ఆడిపోసుకోకండి అని దాని సారాంశం. పోలీసు శాఖ అయినా, సైన్యం అయినా, బ్యాంకు అయినా ఇదే పాట.

ఇంత ధీమాగా ఈ మాట వాడేవాళ్ళను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. సామెతను పూర్తిగా చెబితే అది వాళ్ళకే ఎదురు తిరుగుతుంది మరి. 'కుళ్ళిన ఆపిల్ ఒక్కటి ఉన్నా పీపాలో సరుకంతా పాడవుతుంది' అన్నది అసలు సామెత. ముందు సగం పైకి చెప్పి, వెనక సగం మింగేస్తున్నారు. 'ఒక్కటే కుళ్ళింది, కాబట్టి కంగారు పడండి' అని చెప్పే సామెత కాస్తా 'ఒక్కటేగా కుళ్ళింది, కంగారు పడకండి' అయిపోయింది.

ఇది నిన్నా మొన్నా పుట్టిన సామెత కాదు. 1340లో కాంటర్‌బరీ సన్యాసి ఒకాయన ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చిన నీతిగ్రంథంలోనే, మంచి ఆపిల్స్ మధ్య ఉన్న కుళ్ళినది మంచివాటినీ కుళ్ళబెడుతుందన్న మాట ఉంది. ఆ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ కవి చాసర్ తన 'కాంటర్‌బరీ కథలు'లో దీన్ని ఒక కుర్రాడి మీద ప్రయోగించాడు. వంటవాడు చెప్పే కథలో పెర్కిన్ అని ఒక అప్రెంటిస్ ఉంటాడు. దుకాణంలో ఉండేది తక్కువ, ఆటపాటల్లో, పాచికల దగ్గర ఉండేది ఎక్కువ. గల్లాపెట్టె తెరిస్తే తరచూ ఖాళీగా కనిపిస్తుంది. యజమాని మందలిస్తూనే, అప్రెంటిస్ గడువు దాదాపు పూర్తయ్యేదాకా ఓర్చుకుంటాడు. చివరికి ఒక రోజు ఆ సామెత గుర్తొచ్చి, కుళ్ళిన ఆపిల్‌ను రాశిలోంచి తీసేయడమే నయం, లేకపోతే మిగతావన్నీ కుళ్ళుతాయి అనుకుని కుర్రాణ్ణి పంపించేస్తాడు.

ఈ కథలో నాకు నచ్చేది యజమాని భయం. పెర్కిన్ ఒక్కడే కదా చెడ్డవాడు, మిగతా పనివాళ్ళు బంగారం అని ఆయన ఊరట చెందలేదు. వాళ్ళు కూడా చెడిపోతారేమోనని బెంగపడ్డాడు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన పంచాంగంలో కుళ్ళిన ఆపిల్ తన పక్కదాన్ని చెడగొడుతుందని అచ్చువేసినప్పుడూ అదే అర్థం. నాలుగు వందల ఏళ్ళు దీనికి రెండో అర్థం అవసరం పడలేదు.

పైగా ఈ సామెత ఉత్త నీతి కాదు, నిల్వ శాస్త్రం. ఆపిల్ పండేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వదులుతుంది. పండిన ఆపిల్స్ నుంచి వచ్చేది ఈ వాయువేనని 1934లో రిచర్డ్ గేన్ రసాయనికంగా నిరూపించాడు. దీని తమాషా ఏమిటంటే, ఎథిలీన్ తగిలిన పండు తానూ మరింత ఎథిలీన్ తయారుచేయడం మొదలుపెడుతుంది. దెబ్బ తగిలిన పండు ఇంకా ఎక్కువ వదులుతుంది. మూత పెట్టిన పీపాలో గాలి ఎటూ పోదు కాబట్టి పక్కవి త్వరత్వరగా పండి మెత్తబడతాయి. దానికి తోడు పెనిసీలియం ఎక్స్‌పాన్సమ్ అనే నీలి బూజు ఉంటుంది. తొక్క మీద గీత పడిన చోట అది లోపలికి దిగి, లేతగోధుమ రంగు మెత్తటి మచ్చగా మొదలవుతుంది. ఆ మచ్చ మీద వేలు పెడితే దిగిపోతుంది. అది ముదిరాక నీలి పొడిలా బీజాలు లేస్తాయి, పక్క పండుకు చిన్న గాయం ఉంటే చాలు. ఇవాళ్టి శీతల గిడ్డంగుల్లో ఆక్సిజన్ తగ్గించి, చలి పెంచి, ఎథిలీన్ పని చేయకుండా అడ్డుకునే రసాయనం వాడి ఆపిల్స్‌ను నెలల తరబడి కాపాడతారు. గిడ్డంగి వాళ్ళెవరూ 'ఒకటో రెండో కుళ్ళాయి, మిగతావి భేషుగ్గా ఉన్నాయి' అని తలుపు మూసి ఇంటికి పోరు.

మరి అర్థం ఎక్కడ తిరగబడింది? కొందరు భాషావేత్తలు 1971 నాటి ఒక పాప్ పాటను చూపిస్తారు. ఆస్మండ్స్ అనే అన్నదమ్ముల బృందం పాడిన 'వన్ బ్యాడ్ ఆపిల్' ఆ ఏడాది ఫిబ్రవరిలో అమెరికా చార్టుల్లో మొదటి స్థానానికి ఎక్కి అయిదు వారాలు అక్కడే కూర్చుంది. ఒకడు మనసు విరిచాడని ప్రేమ మీదే ఆశ వదులుకోకు, ఒక్క చెడ్డ ఆపిల్‌తో బుట్టంతా చెడిపోదు అని అమ్మాయిని బతిమాలే పాట. ప్రేమ విషయంలో అది మంచి సలహానే. ఒకడు మోసం చేస్తే లోకంలో మగాళ్ళందరూ మోసగాళ్ళు అయిపోరు. ఎందుకంటే ఆ మగాళ్ళందరూ ఒకే పీపాలో లేరు, ఒకరి పై అధికారి ఇంకొకరు కాదు, ఒకరి తప్పును ఇంకొకరు కప్పిపుచ్చడం లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. 'అసలు అర్థం ఇది, మీరు వాడేది తప్పు' అని కర్ర పట్టుకుని తిరిగే వాళ్ళంటే నాకూ చిరాకే. మాటల అర్థాలు మారతాయి. చాసర్‌కు తెలిసిన అర్థానికే మనం కట్టుబడి ఉండాలంటే నోరు తెరవలేం. కాబట్టి నా పేచీ పాత అర్థం పోయిందని కాదు. కొత్త అర్థంలో వాడినప్పుడు ఏ పని తప్పించుకుంటున్నారు అన్నదే నా గొడవ. పాత సామెత వినగానే మనిషి లేచి పీపా మూత తీయాలి, ఒక్కొక్క పండూ తిప్పి చూడాలి. కొత్త సామెత వింటే చేతులు దులుపుకుని కూర్చోవచ్చు.

ఆ చేతులు దులుపుకునే కళను పాట మీదకే నెట్టడం అన్యాయం. దాదాపు అదే సమయంలో న్యూయార్క్ పోలీసులు దాన్ని సిద్ధాంతం స్థాయికి తీసుకెళ్ళారు. ఫ్రాంక్ సెర్పికో అనే పోలీసు తోటివాళ్ళ లంచాల గురించి పై అధికారులకు చెప్పి చెప్పి విసిగిపోయాక, 1970లో విషయం న్యూయార్క్ టైమ్స్ పత్రికకెక్కింది. దాని మీద నాప్ కమిషన్ వేశారు. 1972 నాటి నివేదిక ఈ 'కుళ్ళిన ఆపిల్ వాదాన్ని' పేరు పెట్టి ఏకింది. దొరికినవాణ్ణి, శుభ్రమైన పీపాలో కుళ్ళిన ఒక్క పండుగా చూపించి బయటికి విసిరేయాలి, అతని అవినీతి లోపలి జబ్బుకు లక్షణమని మాత్రం ఎన్నడూ ఒప్పుకోకూడదు. పోలీసు శాఖలో ఇది దాదాపు అధికారిక సిద్ధాంతంలా చలామణీ అవుతోందని కమిషన్ చెప్పింది.

అదే నివేదికలో ఇంకో వర్గీకరణ ఉంది. లంచగొండి పోలీసుల్లో కొందరు 'మాంసాహారులు', అంటే వేటాడి వేటాడి డబ్బు గుంజేవాళ్ళు. వీళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళు 'గడ్డి మేసేవాళ్ళు', దారిలో దొరికిన చిల్లర తీసుకుని ఊరుకునేవాళ్ళు. కమిషన్ దృష్టిలో అసలు సమస్య గడ్డి మేసేవాళ్ళే. వాళ్ళ సంఖ్య వల్లే అవినీతి మర్యాదస్తుల వ్యవహారం అయిపోతుంది, నోరు విప్పినవాడు ద్రోహి అవుతాడు. టీవీలో చూపించే 'చెడ్డ ఆపిల్' ఎప్పుడూ మాంసాహారే అయి ఉంటాడన్నది గమనించండి. గడ్డి మేసే వందమంది ఫ్రేములో ఉండరు.

బ్యాంకుల దగ్గరికొస్తే 2016 నాటి వెల్స్ ఫార్గో ఉదంతం ఈ నుడికారానికి పాఠ్యపుస్తకంలాంటిది. ఖాతాదారులకు తెలియకుండా వాళ్ళ పేరున లక్షల ఖాతాలు తెరిచారని తేలింది. 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అయిదేళ్ళలో సుమారు 5,300 మందిని తీసేశామని బ్యాంకు చెప్పుకుంది. చెడు పనులు చేయమని ఎవరినీ ప్రోత్సహించలేదని సీఈఓ జాన్ స్టంఫ్ వాదన. కానీ ఆ బ్యాంకులో ప్రతి ఖాతాదారుకూ ఎనిమిది ప్రొడక్టులు అమ్మాలన్న లక్ష్యం ఒకటి ఉండేది, ప్రాసతో కూడిన నినాదంగా: 'ఎయిట్ ఈజ్ గ్రేట్.' మామూలు మనిషికి బ్యాంకుతో ఎనిమిది రకాల అవసరాలు ఎందుకుంటాయి? కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికి లెక్క తేలాలి, తేలకపోతే ఉద్యోగం ఉండదు. 5,300 కుళ్ళిన ఆపిల్స్ అంటే ఇక అది పీపా కాదు, తోట. స్టంఫ్ ఆ ఏడాది అక్టోబరులో దిగిపోయాడు. 2020లో అమెరికా బ్యాంకుల నియంత్రణ సంస్థ ఆయనకు 1.75 కోట్ల డాలర్ల జరిమానా వేసి, జీవితాంతం బ్యాంకింగ్ రంగంలో అడుగు పెట్టకుండా చేసింది.

కుళ్ళు అంటుకుంటుందన్నదానికి ఆర్థిక రంగం నుంచే ఇంకో సాక్ష్యం ఉంది. అమెరికాలో రెండు ఫైనాన్షియల్ సలహా సంస్థలు విలీనమైనప్పుడు ఉద్యోగులకు కొత్త సహోద్యోగులు వస్తారు, తాము ఎంచుకోకుండానే. ఆ వచ్చినవాళ్ళలో పాత తప్పుడు రికార్డు ఉన్న మనిషి ఉంటే, అంతకుముందు నుంచీ ఉన్నవాళ్ళు తప్పు చేసే అవకాశం 37 శాతం పెరిగిందని 2018లో జర్నల్ ఆఫ్ ఫైనాన్స్‌లో వచ్చిన పరిశోధన లెక్క కట్టింది. కాంటర్‌బరీ సన్యాసి చెప్పిందే, గణాంకాల భాషలో.

నేను పనిచేసిన ఒక చోట రోజువారీ తనిఖీ షీట్లు ఉండేవి. ప్రతి యంత్రం ముందు నిలబడి ఒక్కో అంశం చూసి టిక్కు పెట్టాలి. ఒకసారి పాత షీట్లు తిరగేస్తే నెలంతా ఒకే పెన్ను, ఒకే వాలు, సెలవు రోజున కూడా టిక్కులు. పెద్ద దుమారం లేచింది. ఇద్దర్ని ఇంటికి పంపించి, 'ఇద్దరు బ్యాడ్ ఆపిల్స్ ఉన్నారు, తీసేశాం' అని మీటింగ్ ముగించారు. షీట్‌లో ఉన్నవన్నీ నిజంగా చూస్తూ పోతే షిఫ్ట్ అయిపోతుంది, అసలు పని మొదలే కాదు. 'టిక్కు పెట్టే టైమే ఇచ్చారు సార్, చూసే టైం ఇవ్వలేదు' అని ఒక సీనియర్ టెక్నీషియన్ మీటింగ్ బయట అన్నాడు, లోపల అనలేదు. కొత్తగా చేరినవాళ్ళ టిక్కులు కూడా కొద్ది రోజుల్లోనే అదే వాలు తిరిగాయి.

అయితే తప్పంతా పీపాదే అని వాదించేవాళ్ళతో కూడా నాకు పడదు. 2004లో ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసిస్తున్న ఫొటోలు బయటికొచ్చినప్పుడు వాషింగ్టన్ నుంచి 'కొద్దిమంది చెడ్డ ఆపిల్స్' అనే వినిపించింది. మనస్తత్వవేత్త ఫిలిప్ జింబార్డో ఎదురు తిరిగి, ఆపిల్స్ కాదు పీపాయే చెడ్డది అన్నాడు. ఐవన్ ఫ్రెడరిక్ అనే సైనికుడి తరఫున నిపుణుడిగా సాక్ష్యం కూడా చెప్పాడు. ఫ్రెడరిక్‌కు ఎనిమిదేళ్ళ శిక్ష పడింది. నాకైతే అది సబబే అనిపిస్తుంది. చుట్టూ ఉన్న వ్యవస్థ ఎంత దరిద్రంగా ఉన్నా, ఖైదీని హింసించిన చెయ్యి ఆ మనిషిదే. నాకు మింగుడుపడని సంగతి వేరే. ఈ వ్యవహారంలో 11 మంది సైనికులకు శిక్షలు పడ్డాయి, అందరూ కింది హోదాల వాళ్ళే. పై స్థాయిలో సంస్థాగత బాధ్యతా, వ్యక్తిగత బాధ్యతా రెండూ ఉన్నాయని రక్షణ శాఖే వేసిన ష్లెసింజర్ కమిటీ తేల్చింది. తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇక్కడ పిడికిళ్ళన్నీ కింద ఉన్నవాళ్ళవే.

హాస్యనటుడు క్రిస్ రాక్ 2018లో ఈ మాటను ఒక జోక్‌తో కడిగేశాడు. కొన్ని ఉద్యోగాల్లో చెడ్డ ఆపిల్స్ ఉండటానికి వీల్లేదు, ఉదాహరణకు పైలట్లు అన్నాడు. 'మా పైలట్లలో చాలామందికి విమానం దించడం ఇష్టమే, ఎవరో కొద్దిమందికి మాత్రం కొండల్ని గుద్దడం ఇష్టం' అని విమాన సంస్థ చెబితే ఎలా ఉంటుంది? జోక్ పేలింది. కానీ నిజంగా కొండను గుద్దిన విమానం సంగతి తెలిస్తే ఈ జోక్ ఇంకాస్త లోతుగా తగులుతుంది.

1974 డిసెంబరు 1. అమెరికా విమాన సంస్థ టీడబ్ల్యూఏ వారి 514 నంబరు విమానం, బోయింగ్ 727. వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయంలో గాలి ఉధృతంగా ఉండటంతో డల్లెస్ విమానాశ్రయానికి మళ్ళించారు. ఇంకా 40 మైళ్ళకు పైగా దూరం ఉండగానే కంట్రోలర్ 'అప్రోచ్‌కు క్లియర్' (రన్‌వే వైపు రావడానికి అనుమతి) అన్నాడు. అంటే ఇప్పుడే కిందికి దిగిపోవచ్చనే కదా అర్థం అని కాక్‌పిట్‌లో వాళ్ళు తర్జనభర్జన పడ్డారు. దిగొచ్చు అని కెప్టెన్ తీర్మానించాడు. 1,800 అడుగులకు దిగడం మొదలుపెట్టారు. మధ్యలో వర్జీనియాలోని మౌంట్ వెదర్ కొండ ఉంది. 92 మందిలో ఒక్కరూ బతకలేదు.

విచారణలో తేలిన సంగతి ఒకటి ఇప్పటికీ గుండె ఝల్లుమనిపిస్తుంది. అంతకు ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే చోట, అదే అప్రోచ్‌లో, అదే అపార్థంతో దిగి వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఆ సిబ్బంది దాచలేదు, తమ కంపెనీకి చెప్పారు. కంపెనీ తన పైలట్లను హెచ్చరించింది. ఆ హెచ్చరిక పక్క కంపెనీకి చేరే దారి మాత్రం లేదు.

పైలట్ తప్పు అని ఫైలు మూసేయడం ఇక్కడ చాలా తేలిక, చనిపోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు కూడా. దర్యాప్తు బోర్డులోనే ఏకాభిప్రాయం రాలేదు. మెజారిటీ సభ్యులు సిబ్బంది నిర్ణయాన్ని కారణంగా చూపిస్తే, మిగతావాళ్ళు కంట్రోలర్ల వైపు వేలెత్తారు. కానీ వ్యవహారం వేలెత్తడంతో ఆగలేదు. 1976లో నాసా చేతుల్లో ఒక నివేదికల వ్యవస్థ పెట్టారు. పైలట్ అయినా కంట్రోలర్ అయినా తన పొరపాటును తానే రాసి పంపొచ్చు. పేర్లు తీసేస్తారు. కావాలని చేయని ఉల్లంఘన అయి, పది రోజుల్లోపు రాస్తే జరిమానా నుంచి మినహాయింపు. నేరాలకూ ప్రమాదాలకూ ఇది వర్తించదు. లైసెన్సు ఇచ్చి లాక్కునే అధికారం ఉన్న విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ కాకుండా, ఏ అధికారమూ లేని నాసా ఆ కాగితాలు తీసుకోవడంలోనే కిటుకంతా ఉంది. ఇప్పటిదాకా వచ్చిన నివేదికలు పది లక్షలు దాటిపోయాయి. పైలట్లందరూ మంచివాళ్ళని నమ్మి ఈ ఏర్పాటు చేయలేదు. మంచి పైలట్‌కు కూడా అదే చోట అదే తప్పు జరుగుతుందని నమ్మి చేశారు.

'మరి నిజంగానే ఒక్కడే చెడ్డవాడైతే?' అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. వ్యవస్థ నొక్కితే తప్పు చేసినవాళ్ళు వేరు, తన కుళ్ళు తానే తెచ్చుకున్నవాడు వేరు.

అలాంటివాడు హెరాల్డ్ షిప్‌మన్. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర హైడ్ పట్టణంలో ఒంటరిగా క్లినిక్ నడిపిన డాక్టర్. తన పేషెంట్లను ఇంజెక్షన్లతో చంపాడు. విచారణ సంఘం పేరుపేరునా గుర్తించినవాళ్ళే 215 మంది. ఎక్కువమంది వయసు మళ్ళిన ఆడవాళ్ళు. ఎవరూ చేయమనలేదు, టార్గెట్లు లేవు, పై అధికారి ఒత్తిడి లేదు. వైద్యవృత్తిలో ఇలాంటి మనిషి కోట్లకు ఒకడు. ఇక్కడైనా 'ఒక్క చెడ్డ ఆపిల్' అని ఊరుకోవచ్చు కదా?

న్యాయమూర్తి జానెట్ స్మిత్ ఊరుకోలేదు. 215 మంది పోయేదాకా పీపాకు వాసన ఎందుకు రాలేదని అడిగింది. మరణ ధృవీకరణ పత్రం రాసేది ఆ డాక్టరే, అంటే చంపినవాడే కారణం రాసుకునేవాడు. దహనానికి మాత్రం అప్పట్లో రెండో డాక్టర్ సంతకం కావాల్సి వచ్చేది. ఆ సంతకానికి ఫీజు ఉండేది, దానికి డాక్టర్లలో 'యాష్ క్యాష్' (బూడిద డబ్బు) అని ముద్దుపేరు కూడా ఉండేది. షిప్‌మన్ చెప్పింది విని సంతకాలు పెట్టేవాళ్ళు. 1998 మార్చిలో పక్క క్లినిక్ డాక్టర్ ఒకామె, ఇతని పేషెంట్లు మరీ ఇంతమంది పోతున్నారేమిటని, అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి అయిన కారోనర్ చెవిన వేసింది. పోలీసులు చూసి, ఆధారాలు లేవని ఏప్రిల్‌లో ఫైలు మూసేశారు. ఆ తర్వాత ఇంకో ముగ్గురు చనిపోయారు. చివరికి అతన్ని పట్టించింది ఏ తనిఖీ వ్యవస్థా కాదు. క్యాథ్లీన్ గ్రండీ అనే ఆవిడ చనిపోయాక, ఆస్తి డాక్టర్‌కు రాసినట్టున్న వీలునామా దొంగదని లాయరైన ఆవిడ కూతురు పసిగట్టింది.

ప్రతి మరణాన్నీ వైద్యం చేసిన డాక్టర్‌తో సంబంధం లేని మనిషి పరిశీలించాలని, మరణాల ధృవీకరణ పద్ధతిని మొత్తంగా మార్చాలని ఆ విచారణ సంఘం 2003లో సిఫార్సు చేసింది. ఇంగ్లండ్, వేల్స్‌లో స్వతంత్ర మెడికల్ ఎగ్జామినర్ల పరిశీలన చట్టబద్ధంగా తప్పనిసరి అయింది 2024 సెప్టెంబరు 9న. ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో 'షిప్‌మన్ లాంటివాడు ఒక్కడే కదా' అని ఎన్ని మీటింగుల్లో అనుకుని ఉంటారో.